అన్ని గుంపుల్లో ఆయన పేరు

నాకు పగ పట్టడం బాగా వచ్చు. దాచుకునేదేం లేదు. మూడో తరగతిలో నా పలక పగలగొట్టిన పిల్లను ఏడో తరగతి దాకా గుర్తుపెట్టుకున్నాను. లెక్కల పరీక్షలో ఆమె నా కాగితం వైపు తొంగిచూసిన రోజున చెయ్యి అడ్డం పెట్టి, ఆమె ముఖం చూసి కడుపు నింపుకున్నాను. "దీనికి తల్లి కోపమొచ్చింది," అనేవారు ఇంటికొచ్చిన చుట్టాలు. అమ్మ కూడా కాదనేది కాదు. మగ్గం మీద పేక సరిగా పడకపోతే మగ్గాన్ని కూడా తిట్టే మనిషి ఆమె. మా బాపు మాత్రం నవ్వి ఊరుకునేవాడు. బాపు మెత్తటి మనిషి. మేముండే కొత్తవాడలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు.

బాపు నేల మీద పరుచుకునే జంపఖానాలకు డిజైన్లు గీసేవాడు. గ్రాఫు కాగితం మీద గడి గడికీ రంగు దిద్దుతాడు. నేసేవాళ్లు ఆ కాగితాన్ని మగ్గానికి ఎదురుగా వేలాడదీసుకుని, గడులు లెక్కపెట్టుకుంటూ నేస్తారు. ఒక్క గడి తప్పినా అంచు అంచుకు కలవదు. అందుకే బాపు మాట్లాడేటప్పుడు కూడా లెక్కపెట్టుకుని మాట్లాడతాడని అమ్మ ఎగతాళి చేసేది.

మేమిద్దరం పనిచేసిన కంపెనీ పేరు చెప్పను. జంపఖానాలు నేయించి బయటి రాష్ట్రాలకు పంపే కంపెనీ అనుకోండి చాలు. వెనక మగ్గాల షెడ్డు, ముందు ఆఫీసు, మధ్యలో డిజైన్ల గది. ఆ గదిలో బాపు కూర్చునేవాడు. ఆఫీసులో నేను. నేను కంప్యూటర్ డిగ్రీ చదివి, హన్మకొండలో నెట్‌వర్క్ కోర్సు చేసి ఆ ఉద్యోగంలో చేరాను. ఏడు కంప్యూటర్లు, ఒక సర్వర్, రెండు ప్రింటర్లు. అన్నింటికీ నేనే దిక్కు. బాపు గీసిన పాత కాగితాలన్నీ స్కాన్ చేసి సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టింది కూడా నేనే.

కంపెనీ పెట్టిన పెద్దాయన మంచివాడు. షెడ్డులోకొచ్చి నేసేవాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవాడు. తుంటి ఎముక విరిగి దవాఖానలో పడ్డాక, ఇంట్లోనే మంచాన ఉండిపోయాడు. అప్పుడు హైదరాబాద్ నుంచి ఆయన అల్లుడు మేనేజర్‌గా దిగాడు. ఈ అల్లుడికి తన పేరంటే మహా ఇష్టం. గేటు బోర్డు మీద తన పేరు, కేలెండర్ మీద తన పేరు, తన ఫొటో, ఆఖరికి నీళ్ల ఫిల్టర్ మీద కూడా తన పేరుతో స్టిక్కర్ వేయించాడు. నీళ్లు కూడా ఆయనే పుట్టించినట్టు.

నా పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే, సర్వర్‌లో ఎవరు ఏ తలుపు తీయొచ్చో, ఎవరు తీయకూడదో రాసిపెట్టడం. ఇంట్లో బియ్యం డబ్బా అందరూ తీస్తారు, బీరువా అమ్మ ఒక్కతే తీస్తుంది. ఇదీ అంతే. మనిషి మనిషికీ విడిగా రాస్తే తల తిరుగుతుంది కాబట్టి మనుషుల్ని గుంపులు చేస్తాం. ఆఫీసు గుంపు, డిజైన్ గుంపు, షెడ్డు గుంపు. గుంపుకు అనుమతి ఇస్తే అందులో ఉన్నవాళ్లందరికీ వచ్చినట్టే. కొత్త అల్లుడు వచ్చాక ఈ గుంపుల జాబితా తీసుకుని సంతకానికి వెళ్లాను. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చూశాడు.

"నా పేరేది?"

"మీకు అన్ని ఫోల్డర్లు తెరుచుకునేటట్టు విడిగా పెట్టిన సార్. గ్రూపులల్ల అవసరం లేదు."

"అవసరం ఉందో లేదో నువ్వు చెప్తవా? అన్ని గ్రూపులల్ల పెట్టు. ఫస్ట్ పేరు నాదే ఉండాలె."

"షెడ్డు గ్రూపుల గూడనా సార్? అది నేసేటోళ్లది."

"నేను లేని గ్రూపు ఈ కంపెనీల ఉంటదా?"

పెట్టాను. జాబితా కింద సంతకం పెట్టాడు. షెడ్డు గుంపులో పద్నాలుగు మంది నేతవాళ్లు, వాళ్ల పైన మొదటి పేరు మేనేజర్ గారిది. జన్మలో మగ్గం మీద చెయ్యి పెట్టని మనిషి. ఆ రోజు నాకు నవ్వొచ్చింది తప్ప ఇంకే ఆలోచనా లేదు. ఇది ఒట్టేసి చెప్తాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆయన ఫోన్ పట్టుకుని ఆఫీసులోకి ఊగిపోతూ వచ్చాడు. హన్మకొండలో ఎవరి దుకాణంలోనో ఒక జంపఖానా చూసి ఫొటో తీసుకొచ్చాడు. దాని అంచున వరసగా త్రికోణాలు, మధ్యలో చుక్క. "ఇది మన అంచు. మన డిజైన్ బయటికి పోతాంది," అన్నాడు. ఆ అంచు కొత్తవాడలో సగం ఇళ్లలో నేసేదే. మా నానమ్మ నేసింది, వాళ్ల అమ్మ నేసింది. ఈ సంగతి చెప్పబోయాను. "మీ బాపు గురించి నువ్వు గాక ఇంకెవరు మాట్లాడతరు," అని నా నోరు మూయించాడు.

ఆ సాయంత్రం పని వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాడు. షెడ్డు వాళ్లంతా బయటికొస్తున్నారు. బాపు చేతిలో ఎప్పుడూ ఉండే గుడ్డ సంచి. వాచ్‌మన్‌తో ఆ సంచి తెరిపించాడు. అన్నం డబ్బా, కళ్లద్దాల పెట్టె, వాటి కింద నాలుగు మడతలు పెట్టిన ఒక గ్రాఫు కాగితం. మేనేజర్ దాన్ని విప్పి తల మీదికెత్తి పట్టుకున్నాడు.

"దొరికిందా? ఇదేంది?"

"కొత్తది సార్. ఇంక పూర్తి కాలె. ఇంట్ల గీస్తాన, రోజు తెచ్చుకొని తీస్కపోతాన. ఈడిది ఏం తీస్కపోతలేను," అన్నాడు బాపు.

"దొంగలందరు ఇదే చెప్తరు."

ఆ మాట అందరూ విన్నారు. బాపుతో ముప్పై ఏళ్లు కలిసి పనిచేసినవాళ్లు, మా చర్చిలో మా వెనక బెంచీ మీద కూర్చునేవాళ్లు, అమ్మను వదినా అని పిలిచేవాళ్లు, అందరూ. ఎవరూ నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. బాపు సంచి మూతి ముడేసుకుని బయటికి నడిచాడు. మర్నాటి నుంచి ఆయనకు ఆ గేటు లోపలికి అనుమతి లేదన్నారు.

అసలు దెబ్బ ఆ మర్నాడు పడింది. మేనేజర్ నన్ను కేబిన్‌లోకి పిలిచి ఆ కాగితం నా ముందు పెట్టాడు. "స్కాన్ జేసి డిజైన్ల ఫోల్డర్ల పెట్టు. సాక్ష్యం ఉండాలె. తర్వాత చింపెయ్. ఈడనే, నా ముంగట."

స్కాన్ చేశాను. తర్వాత చింపాను. రెండు చేసి, నాలుగు చేసి, చెత్తబుట్టలో వేశాను. బాపు మూడు నెలలుగా దిద్దుతున్న కాగితం అది. ఒక్కో గడిలో ఆయన పెన్సిల్ ఒత్తు చేతికి తగులుతోంది. నాకు ఆ ఉద్యోగం కావాలి, ఇంట్లో ఇద్దరి జీతాల్లో ఒకటి అప్పుడే పోయింది, అందుకని చింపాను. ఇప్పటికీ ఆ చప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే అసహ్యం. ఆ క్షణంలో అనుకున్నాను, నిన్ను వదలను అని. బెదిరింపు కాదు. ఇంటికెళ్తూ ఉప్పు కొనాలని గుర్తుపెట్టుకుంటాం చూడండి, అంత మామూలుగా అనుకున్నాను.

ఇంటికెళ్లి చెప్పాను. అమ్మ ఆ మేనేజర్‌ను, వాళ్ల ఏడు తరాలను కడిగి ఆరేసింది. బాపు ఒక్క మాట అడిగాడు.

"చింపినవా?"

"చింపిన బాపూ."

"పోనీ బిడ్డ. ఫికర్ జెయ్యకు."

"కంప్యూటర్ల ఉన్నది బాపూ. నాకు తెరుచుకుంటది. రేపు ప్రింట్ తీస్కొస్త."

బాపు తల అడ్డంగా ఊపాడు. "వద్దు. చాటుంగ తెస్తే వాడన్నదే నిజమైతది. దొంగ అన్నడు గదా. నువ్వు దొంగతనంగ తెచ్చినంక, నేను కాదని ఏ మొఖంతోని చెప్పాలె? ఆ గేటు లోపటికి పొయ్యి, అందరి ముంగట తీసుకుంట. లేకుంటే లేదు."

ఆ మాట మీదే ఉన్నాడు. కొత్త కాగితం తెచ్చుకుని అదే డిజైన్‌ను జ్ఞాపకం మీద మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. ప్రతిసారీ రెండో మూల తిరిగే దగ్గర ఆగిపోయేవాడు. అంచు వచ్చి అంచుకు కలవడం లేదు. రబ్బరుతో చెరపడం, లెక్కపెట్టడం, మళ్లీ చెరపడం. ఒకే చోట చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది. ఆయనకు డెబ్బై దగ్గరపడుతోంది. కళ్లు ఎన్నాళ్లుంటాయో తెలియదు. ఆ బొమ్మ పూర్తిచేయడం, దొంగ అన్న మాట తుడిచేసుకోవడం, ఈ రెండే ఆయనకు మిగిలిన కోరికలు. రెండూ ఆ గేటు లోపలే ఉన్నాయి.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు శత్రువును క్షమించడం గురించి చెప్పారు. బాపు కళ్లు మూసుకుని వింటున్నాడు. నేను కళ్లు తెరుచుకుని, సర్వర్‌లో మేనేజర్ పేరు ఎక్కడెక్కడ ఉందో మనసులో లెక్కపెడుతున్నాను.

అవకాశం మేనేజరే పళ్లెంలో పెట్టి ఇచ్చాడు. షెడ్డులో ఒక కంప్యూటర్ ఉండేది. నేతవాళ్లు అనుమానం వస్తే దాంట్లో డిజైన్ తెరిచి చూసుకునేవాళ్లు. వాళ్లంతా బాపు స్నేహితులే కాబట్టి వాళ్లూ దొంగలే అని మేనేజర్ లెక్క.

"షెడ్డోళ్లకు డిజైన్ల ఫోల్డర్ బంద్ జెయ్. ఎవరికన్న కావాలంటే నువ్వు ప్రింట్ తీసి, సంతకం తీసుకొని ఇయ్యి."

"బంద్ జెయ్యాలంటే రెండు తీర్లున్నయి సార్," అన్నాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, సంగతంతా ఇక్కడే ఉంది. ఒకటి, షెడ్డు గుంపుకిచ్చిన అనుమతి ఊరికే తీసేయడం. రెండోది, ఆ గుంపుకు ఎదురుగా నిరాకరణ పెట్టడం. డినై అంటారు దాన్ని. డినై గట్టిది. ఒక మనిషికి ఒక చోట అనుమతి ఉండి, ఇంకో చోట డినై ఉంటే, డినైదే గెలుపు. ఊళ్లో పదిమంది రమ్మన్నా, ఇంటివాడు గుమ్మంలో నిలబడి రావద్దంటే ఆగాల్సిందే కదా.

"రెంట్ల గట్టిదేది?" అన్నాడు.

"డినై సార్."

"అదే పెట్టు."

పెట్టడానికి కూర్చున్నాను. టిక్కు పెట్టి సరే అనగానే తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. నిరాకరణ అనుమతిని మించిపోతుంది, ఒకే మనిషి రెండు గుంపుల్లో ఉండి ఒకదానికి నిరాకరణ ఉంటే అతనికీ నిరాకరణే, కొనసాగించాలా, అని అడుగుతుంది. కంప్యూటర్ ఎప్పుడూ ఇంత వివరంగా చెప్పదు. ఈ ఒక్కచోట చెప్తుంది. దాన్ని ఒక ప్రింటు తీసి దాచుకుని, నేను కుర్చీలోంచి లేచాను.

"సార్, వార్నింగ్ వచ్చింది. ఒకసారి చదువుండ్రి."

ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే వచ్చాడు. తెర వైపు చూశాడు. చూశాడు కానీ చదవలేదు. "చిన్న పనికి గూడ నన్నే పిలుస్తవ్. జరుగు," అని మౌస్ లాక్కుని ఎస్ నొక్కాడు. తన తలుపుకు తనే గడియ వేసుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని వెళ్లిపోయాడు.

నేను చెప్పొచ్చు. సార్, షెడ్డు గుంపులో మొదటి పేరు మీదే అని చెప్పొచ్చు. ఒక్క వాక్యం. ఆ వాక్యాన్ని నోట్లో పెట్టుకుని, బెల్లం ముక్కలా చప్పరించి మింగేశాను. ఆ రోజు ఇంటికెళ్లి రెండు పూటల అన్నం ఒకే పూట తిన్నాను. ఏమైందని అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పదకొండు రోజులు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ ఫోల్డర్ ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదు, కానీ మేనేజర్ దాన్ని తన చేత్తో ఎన్నడూ తెరవడు. ఏది కావాలన్నా "ప్రింట్ తీస్కరా" అనడమే. నేను తీసుకెళ్లి ఇవ్వడమే. ఇంతలో ఢిల్లీ నుంచి పెద్ద కొనుగోలుదారు వస్తున్నాడని తెలిసింది. ఆఫీసు గోడకు పెద్ద టీవీ బిగించారు. డిజైన్లన్నీ తనే స్వయంగా దాని మీద చూపిస్తానన్నాడు మేనేజర్. అదే రోజు తొర్రూరులో మా మేనమామ కూతురి పెళ్లి. సెలవు చీటీ మీద సంతకం పెట్టింది కూడా ఆయనే. "నువ్వు లేకున్న ఏం ఆగదు," అన్నాడు. ఆ తేదీకి ఢిల్లీ ఆయన వస్తాడని నాకు తెలుసా అంటే, తెలుసు. పెళ్లి ముహూర్తం నేను పెట్టలేదు, అంతే.

చర్చిలో పెళ్లి అయ్యాక భోజనాలకు కూర్చున్నాం. పక్కన బాపు. నా సంచిలో ఫోన్ కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది. మాంసం కూర రెండోసారి వడ్డించాక తీశాను.

"ఎక్కడ సచ్చినవ్? ఫోల్డర్ ఓపెన్ అయితలేదు!"

"ఏమని వస్తాంది సార్?"

"యాక్సెస్ డినైడ్ అంట. నాకు! నా కంపెనీల నాకు!"

"మీరు షెడ్డు గ్రూపుల ఉన్నరు గద సార్. షెడ్డుకు మనం డినై పెట్టినం."

అవతల వెనకాల ఎవరో హిందీలో ఏదో అడుగుతున్నారు. మేనేజర్ గొంతు తగ్గింది.

"నీ పాస్‌వర్డ్ చెప్పు. జల్ది."

"పాస్‌వర్డ్ ఎవరికి చెప్పొద్దని మీరే సర్క్యులర్ ఇచ్చిండ్రు సార్. అందరితోని సంతకాలు గూడ తీసుకున్నరు."

"ఇప్పుడే బస్సెక్కు."

"భోజనాల కాడ ఉన్న సార్. ఇంక దీవెనలు కాలే."

ఫోన్ పెట్టేసి కూరలో ముద్ద కలుపుకున్నాను. అంత రుచైన కూర మళ్లీ తినలేదు. అబద్ధమెందుకు, ఆ ముద్దలో ఉన్నది మసాలా కాదు.

"ఎవలు?" అన్నాడు బాపు.

"మేనేజర్."

"ఏమంటాండు?"

"తలుపు తెరుచుకుంటలేదంట."

బాపు వడ్డించే అబ్బాయిని పిలిచి ఇంకొంచెం పెరుగు పోయించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి పెద్దాయన వచ్చి ఉన్నాడు. నాలుగు కాళ్ల కర్ర మీద ఆనుకుని, ఎన్నో నెలల తర్వాత ఆ గుమ్మం తొక్కాడు. ఢిల్లీ ఆయన హన్మకొండలో హోటల్‌లో ఆగాడట. మధ్యాహ్నం దాకా చూసి వెళ్లిపోతానన్నాడట. మేనేజర్ ముఖం తేలు కుట్టిన దొంగలా ఉంది.

"మామయ్యా, ఈమె కావాల్నని జేసింది," అన్నాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "కావాల్నని జేసినవా బిడ్డా?"

నా చేతిలో రెండు కాగితాలున్నాయి. గుంపుల జాబితా, దాని కింద మేనేజర్ సంతకం. తెర మీద వచ్చిన హెచ్చరిక, దాని ప్రింటు. రెండూ బల్ల మీద పెట్టాను.

"సార్ పేరు ఆ గ్రూపుల పెట్టమన్నది సారే. వద్దని చెప్పిన. బటన్ నొక్కింది గూడ సారే. చదువుమని చెప్పిన. అంతకన్న ఎక్కువ చెప్పొచ్చు, చెప్పలె. అది మాత్రం కావాల్ననే చెప్పలె."

"ఎందుకు?"

నా కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి, సాక్ష్యమని పెట్టిన ఆ ఒక్క ఫైలు చూపించాను. గేటు దగ్గర సంచి తెరిపించిన సంగతి, చింపించిన సంగతి చెప్పాను.   పెద్దాయన ఆ బొమ్మ దగ్గరికి వంగి చూశాడు. తర్వాత మేనేజర్ ఫోన్‌లో ఉన్న హన్మకొండ జంపఖానా ఫొటో తెప్పించుకుని చూశాడు.

"ఈ త్రికోణాల అంచా? దీనికా దొంగ అన్నది? ఇది మా అమ్మ గూడ నేసింది," అన్నాడు. మేనేజర్ గోడ వైపు చూస్తున్నాడు. "మీ బాపును పిలువు."

"పిలుస్త. కానీ ఆయనకు లోపటికి పర్మిషన్ లేదు సార్. కాగితం మీద రాసియ్యుండ్రి. ఆ ఫోల్డర్ ఎవరి చేతిల ఉండాలెనో అది గూడ రాయుండ్రి. అప్పుడు తాళం తీస్త."

నా తెగువకు నేనే ఆశ్చర్యపోయాను. ఉద్యోగం ఆ పూటతో సరి అనుకున్నాను. పెద్దాయన మాత్రం పెన్ను అడిగి, కంపెనీ కాగితం మీద నాలుగు లైన్లు రాశాడు. డిజైన్ల ఫోల్డర్ మీద పూర్తి అధికారం బాపుకు. మిగతా ఎవరికి ఏమివ్వాలో బాపు చెప్పినట్టు.

కూర్చుని పనిచేశాను. మొదట గుంపుల్లోంచి మేనేజర్ పేరు తీసేశాను. ఆఫీసు గుంపు, డిజైన్ గుంపు, షెడ్డు గుంపు. ఒక్కో పేరు మీద రిమూవ్ నొక్కుతుంటే పలక పగిలిన రోజు నుంచి దాచుకున్న కోపమంతా ఆ వేలిలోకి దిగింది. షెడ్డు మీద పెట్టిన డినై తీసేసి, నేతవాళ్లకు పాత అనుమతి తిరిగి ఇచ్చాను. తర్వాత బాపు పేరు మీద ఒక ఖాతా తెరిచాను. గడి గడికీ లెక్కపెట్టే మా బాపు, ఫోన్ కూడా సరిగా నొక్కరాని మా బాపు, ఇప్పుడు సర్వర్‌లో ఒక మనిషి.

బాపు ఉతికిన చొక్కా వేసుకుని, అదే గుడ్డ సంచితో వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తల దించుకున్నాడు. నేను పక్కన కూర్చుని పాస్‌వర్డ్ ఎలా కొట్టాలో నేర్పాను. "ఒక్కటే రూలు బాపూ. కొట్టేటప్పుడు ఎవ్వరు చూడొద్దు. ఎంత పెద్దోళ్లయినా సరే." బాపు శ్రద్ధగా విన్నాడు.

ఢిల్లీ ఆయన టీవీ ముందు కూర్చున్నాడు. పక్కన పెద్దాయన. బాపు కంప్యూటర్ ముందు. మేనేజర్ బాపు కుర్చీ వెనక నిలబడి, తెర మీదికి వంగి చూస్తున్నాడు. బాపు వేలు ఎత్తాడు, ఆగాడు, వెనక్కి తిరిగాడు.

"సార్, జర అటు మల్లుండ్రి. రూలంట."

 పెద్దాయన అల్లుడి వైపు చూశాడు. మేనేజర్ మెల్లగా గోడ వైపు తిరిగాడు. గోడకు ఆయన ఫొటోతో ఆయన కేలెండర్ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. బాపు ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. మధ్యలో తప్పు పోయింది, మొదటి నుంచి కొట్టాడు. అన్నం ఉడికేంత సేపు పట్టినట్టు అనిపించింది నాకు. ఎంతసేపైనా పట్టనీ అనుకున్నాను.

ఢిల్లీ ఆయన ఏవో ఎంచుకున్నాడు, ఆర్డరు ఇచ్చి వెళ్లాడు. సగం గీసిన బొమ్మను ఆయన చూడనేలేదు. అందరూ వెళ్లాక బాపు దాన్ని తెరిచి, తెర మీద వేలు ఆనించి గడులు లెక్కపెట్టాడు. రెండో మూల దగ్గర వేలు ఆగింది.

"ఒక గడి ఎక్కువ లెక్కబెడతాన ఇంట్ల. గిదే తప్పు," అన్నాడు. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు కోసం నేను ఇంకో మేనేజర్‌ను కూడా తలుపు బయట నిలబెట్టగలను.

నా కంప్యూటర్‌లో ప్రింట్ నొక్కాను. రెండు ప్రింటర్లలో పెద్దది మేనేజర్ కేబిన్‌లో ఉంది. కాగితం ఆయనే తెచ్చి బాపు చేతికిచ్చి వెళ్లిపోయాడు. బాపు దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో, అన్నం డబ్బా కింద పెట్టుకున్నాడు. నా పగ అక్కడితో తీరిపోయిందనుకున్నాను. ఇంటికి పోదాం పద అన్నాను.

సాయంత్రం పని వదిలారు. షెడ్డు వాళ్లంతా గేటు వైపు వస్తున్నారు. బాపు గేటు దగ్గర ఆగి, సంచి మూతి విప్పి వాచ్‌మన్ ముందు పెట్టాడు.

"ఎందుకే అన్నా, పో," అన్నాడు వాచ్‌మన్.

"నువ్వు గాదు తమ్మీ. సార్‌ను పిలువు."

నేను బాపు చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. వెనక జనం ఆగిపోయారు. కారులో ఎక్కబోతున్న పెద్దాయన కూడా ఆగి చూస్తున్నాడు. ఎవరో వెళ్లి చెప్తే మేనేజర్ వచ్చాడు.

"చెకింగ్ జెయ్యుండ్రి సార్. లోపట కాగితం ఉన్నది," అన్నాడు బాపు.

"అవసరం లేదు. వెళ్లండి."

"అట్లెట్లయితది సార్? ఆ రోజు నేను దొంగనైతే ఇయ్యాల గూడ దొంగనే. ఇయ్యాల కాకుంటే ఆ రోజు గూడ కాదు. మీరే చూసి చెప్పుండ్రి. వీళ్లందరు ఆ రోజు గూడ ఉన్నరు."

బాపు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. మేనేజర్ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన గడ్డంతో సంచి వైపు చూపించాడు. మేనేజర్ వంగి సంచిలో చెయ్యి పెట్టాడు. అన్నం డబ్బా తీశాడు, కళ్లద్దాల పెట్టె తీశాడు, కాగితం తీసి విప్పి చూశాడు.

"ఏం లేదు," అన్నాడు పెదాల్లో.

"ఇనబడలె సార్."

"ఏం లేదు! ఆయనేం దొంగతనం చెయ్యలేదు!"

బాపు తల ఊపాడు. మేనేజర్ కాగితాన్ని గబగబా కుక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "పాత మడత మీదనే రావాలె సార్. కొత్త మడత పడితే గడులు కనబడయి." మేనేజర్ పాత మడతలు వెతుక్కుని ఒకటి, రెండు, మూడు, నాలుగు పెట్టాడు. షెడ్డు వాళ్లంతా చూస్తూ నిలబడ్డారు. బాపు సంచి మూతి ముడేసుకుని గేటు దాటాడు.

ఇద్దరం మా వీధి మలుపు దాకా వచ్చాం. పెరుగు పోయించుకోవడం, అటు మల్లమనడం, ఒక్కొక్కటీ ఇప్పుడు అర్థమవుతోంది నాకు. "నా కోపం అమ్మదనుకున్న బాపూ," అన్నాను.

"మీ అమ్మకు తొందరగ వస్తది, తొందరగ పోతది," అన్నాడు బాపు. "నాకు తొందరగ రాదు బిడ్డ. వచ్చింది మాత్రం పోదు." అని సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.